నడిపి గ్వే పెట్టిన పంటినొప్పి

మా ఆయన రాజు. నమ్మండి, నిజంగానే రాజు. ఆయన్ని చూసినవాళ్ళకి ఈ మాట ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది కాబట్టి మీకూ చెబుతున్నాను.

షాంగ్ రాజ్యపు గద్దె అసలు మా బావగారిది. ఆయన పోయేసరికి కొడుకులు ఇంకా పసివాళ్ళు. గద్దె ఖాళీగా ఉంచితే బాగుండదని తమ్ముడైన మా ఆయన్ని తెచ్చి కూర్చోబెట్టారు. మాలో పోయిన రాజుకి పదిరోజుల వారంలో ఏ రోజు దక్కితే అదే పేరు, ఆ రోజే ఆయనకి తిండి. బావగారికి మొదటి రోజు జియా దక్కింది. బతికున్నప్పుడు కూడా ఆయనది ముందు వరసే. పడమటి కొండల మీద చియాంగ్ వాళ్ళని తరిమి తరిమి కొట్టి, గొర్రెల్నీ గొర్రెల కాపరుల్నీ కలిపి మందలుగా తోలుకొచ్చిన మనిషి. మా ఆయన యుద్ధానికి బయల్దేరితే వాన పడేది. వాన పడకపోతే కడుపులో నొప్పి పుట్టేది. ఆ రెండూ కాకపోతే శకునం అడిగే తాబేలు డిప్ప వద్దనేది. కాల్చిన డిప్ప మీది పగులు చదివేది ఆయనే కదా, ఎందుకు వద్దనదు!

ఆ వసంతంలో ఆయనకి పంటినొప్పి పట్టుకుంది. పోయిన పెద్దలు పంపందే నొప్పి రాదు, అది నేనూ కాదనను. కానీ తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా తేనెలో ఊరేసిన రేగుపళ్ళు చప్పరించే నోటికి పెద్దలు ప్రత్యేకంగా కబురు పంపాల్సిన పనేముంది? ఈ సంగతి పైకి అంటే అపచారం. అందుకని లోపల అనుకుని ఊరుకున్నాను.

"ఏమేవ్, ఇది మామూలు నొప్పి కాదే. అన్నయ్య పని" అన్నాడు దవడ పట్టుకుని.

"పోయినా ఆయనకి తీరిక లేదన్నమాట. మీ పంట్లో దూరి కూర్చున్నారా?"

"వేళాకోళాలొద్దు. అన్నయ్య అంతటివాడు తప్ప ఇంత నొప్పి ఇంకెవరు పెట్టగలరు?"

మాటలో బాధకన్నా గర్వమే ఎక్కువ వినిపించింది. మా ఆయన జీవితంలో ఘనంగా జరిగింది ఏదైనా ఉంటే ఆ పంటినొప్పి ఒక్కటే, దాన్ని తక్కువవాడి చేతిలో పెట్టడం ఆయనకి ఇష్టం లేదు.

గొప్పవాడు నొప్పి పెడితే శాంతి కూడా గొప్పగానే చేయాలి. బావగారి స్థాయికి ఎద్దు, ఎద్దుతోపాటు ఒక చియాంగ్ మనిషి తల. బందీల దొడ్డి చూసే హువాన్‌ని పిలిపించారు. అతను వచ్చి నేలకి తల ఆనించాడు, ఎంతకీ లేవడు.

"లేచి చెప్పవయ్యా, ఏమైంది?" అన్నాడు మా ఆయన.

"ప్రభూ, దొడ్డి ఖాళీ. పోయినేడు తమరి చెవిపోటుకి కొందరయ్యారు. ఆ తర్వాత తమరికి పీడకల వచ్చింది కదా, దానికి కొందరు. ఏనుగుల వేటకి వెళ్ళి ఉత్తచేతులతో వచ్చినప్పుడు మిగిలినవాళ్ళు కూడా అయిపోయారు. మళ్ళీ దొడ్డి నిండాలంటే తమరు యుద్ధానికి..."

అక్కడితో ఆపేశాడు. సభలో అందరూ నేల చూపులు చూశారు. మా ఆయన కూడా చూశాడు, అక్కడేదో పడిపోయినట్టు.

"ఒక్కతి మాత్రం ఉంది ప్రభూ. రాణమ్మగారి వాకిట్లో" అన్నాడు హువాన్.

మోజ. నా మోజ.

దక్షిణాన్నుంచి తాబేళ్ళు వస్తే వాటి డిప్పలు గీకి నునుపు చేసి, వెనకవైపు వరసగా గుంటలు తొలిచి ఇవ్వడం రాణుల పని. మిగతా రాణులు పేరుకి ఒకసారి ముట్టుకుని పనివాళ్ళ మీదికి తోసేసేవారు. నేను మాత్రం మోజని ఎదురుగా కూర్చోబెట్టుకుని నా చేత్తోనే చేసేదాన్ని. బావగారు తోలుకొచ్చిన మందలో వచ్చింది ఆ పిల్ల. చేతులు చురుగ్గా ఉన్నాయని అడిగి తెచ్చుకున్నాను. నాకు పుట్టిన ఒక్క బిడ్డా పురిట్లోనే పోయిన రోజున, మా ఆయన అవతలి గదిలో అది శుభమా అశుభమా అని డిప్పని అడుగుతూ కూర్చున్నాడు. మోజ నా తల ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ భాషలో ఏదో పాడింది. అప్పట్నించీ నాకు ఈ లోకంలో మనిషంటూ ఉంటే అదే.

కబురు నాకన్నా ముందే దానికి చేరింది. డిప్ప గీకుతూనే అడిగింది.

"అమ్మా, నా తల తీస్తే రాజుగారి పన్ను నయమవుతుందా?"

"అవదే."

"మరెందుకమ్మా?"

ఏం చెప్పను! "మీ ఊళ్ళో పంటినొప్పి వస్తే ఏం చేస్తారే?" అన్నాను.

"పీకేస్తారమ్మా."

అంత అనాగరికులు చియాంగ్ వాళ్ళు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని కాసేపు ఏడ్చాం. తర్వాత మొహం కడుక్కుని, ఏం చేస్తే ఇది బతుకుతుందా అని ఆలోచనలో పడ్డాను.

గొప్పవాడు నొప్పి పెడితే మనిషి తల కావాలి. చిన్నవాడు పెడితే? ఓ గొర్రెతో సరిపోతుంది. కాబట్టి నాకు కావలసింది ఒక పనికిమాలిన పెద్ద. రాజై ఉండాలి, లేకపోతే రాజుగారికి నొప్పి పెట్టే హక్కు ఉండదు. అయినా ఎవరికీ గుర్తుండకూడదు. మా అత్తగారు బతికుండగా ఒకసారి ఎవరినో తిడుతూ అన్న పేరు గుర్తొచ్చింది, నడిపి గ్వే. గ్వే అంటే వారంలో ఆఖరి రోజు.

ప్రశ్న అడిగే ముసలాయన తావో దగ్గరికి వెళ్ళాను. డిప్పని నిప్పుకట్టెతో కాల్చి పెద్దల్ని పేరుపేరునా అడిగేది ఆయనే.

"తావోగారూ, రేపు పెద్దల పేర్లు అడిగేటప్పుడు నడిపి గ్వే పేరు కూడా అడగండి."

"ఎవరాయన?"

"రాజండీ. మా మామగారి తాతగారికి తమ్ముడు. గద్దె ఎక్కాడు, కొర్రచేలు కోతకి రాకముందే పోయాడు. ఆయన కొడుకులకి గద్దె రాలేదు. అందుకని తిండి పెట్టేవాళ్ళు లేరు."

"అలాంటివాళ్ళు కూడా ఉన్నారా మనకి!" అని గడ్డం గోక్కున్నాడు. "అయినా రాణమ్మా, అంత చిన్నాయన అంత పెద్ద పన్ను జోలికి వస్తాడంటారా?"

"పోయినేడు డిప్ప ఎంత కాల్చినా పగలకపోతే మోకాలికేసి కొట్టి పగలగొట్టారే, అది నేను చూశాను. రాజుగారికి చెప్పమంటారా?"

"గ్వే అన్నారు కదూ? నడిపి గ్వే. అడుగుదాం, అడగడానికేం" అన్నాడు వెంటనే.

పొద్దున్నే కూర్చుని డిప్ప తయారుచేశాను. గుంట ఎంత లోతైతే అక్కడ డిప్ప అంత పలచన, నిప్పు తగిలీ తగలగానే చిట్లుతుంది, చిట్లితే ఔనన్నట్టు. బావగారి వంతు గుంటనీ, మిగతా పెద్దల గుంటల్నీ గోటితో గీరినంత తొలిచాను. నడిపి గ్వే వంతుది అవతలి వెలుగు కనబడేంత తొలిచాను. ఆ పక్కనే ఇంకో గుంట కూడా అంతే లోతుగా చేశాను, ఏ అవసరానికైనా ఉంటుందని.

సభ నిండింది. బావగారి పెద్దకొడుకు షె కూడా వచ్చాడు, అప్పటికే మీసాలు మొలిచి గద్దెవైపు తిన్నగా చూడటం నేర్చిన కుర్రాడు. తావో గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"రాజుగారికి పంటినొప్పి. ఇది అన్న జియా పనే."

కట్టె ఆనించాడు. పొగ వచ్చింది. డిప్ప ఉలకదు, పలకదు. మా ఆయన మొహం వాడిపోయింది. తండ్రిని అడిగారు, తాతల్ని అడిగారు, ఏనుగుల్ని మచ్చిక చేసిన ముత్తాతని అడిగారు. ఎవరూ నాది పూచీ అనలేదు. చివరికి తావో నావైపు ఓరగా చూసి, "ఇది నడిపి గ్వే పని" అన్నాడు.

ఠప్ మంది. ఆ చప్పుడుకి గుమ్మంలో పడుకున్న కుక్క లేచి కూర్చుంది.

"ఎవడు వాడు?" అన్నాడు మా ఆయన.

తావో చెప్పాడు. వింటున్నకొద్దీ మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నా పన్నుకి ఆ అనామకుడా? నేనంత చవకగా కనిపిస్తున్నానా? ఫలానా రాజుకి నొప్పి వచ్చిందట, ఊరూ పేరూ లేనివాడెవడో పెట్టాడట అని పక్క దేశాలవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వరూ?"

"ప్రభూ, పగులు మాత్రం స్పష్టంగా..."

"పగులు చదివేది నువ్వా, నేనా? వంకరగా ఉంది. చెల్లదు. రేపు మళ్ళీ అన్నయ్యనే అడుగుదాం. ఒప్పుకునేదాకా అడుగుదాం. ఈలోగా ఆ పిల్లని దొడ్డిలో కట్టేయండి."

నా కళ్ళముందే మోజ మెడకి తాడు వేసి తీసుకెళ్ళారు. అది నావైపు తిరిగి చూడలేదు. చూస్తే నేను తట్టుకోలేనని దానికి తెలుసు.

సాయంత్రం మా ఆయన భోజనానికి కూర్చున్నాడు. బుగ్గ బూరెలా పొంగింది. కొర్రజావ కూడా మింగలేక మూలుగుతున్నాడు. నాకు ఆ గిన్నె నెత్తిన బోర్లించాలన్నంత కసిగా ఉంది. గొంతులోకి మాత్రం తేనె తెచ్చుకున్నాను.

"ఏమండీ, మీ తర్వాత గద్దె ఎవరిది?"

"ఇంకెవరిది? అన్నయ్య కొడుకుది, షెది."

"మరి మీరు పోయాక మీకు తిండి పెట్టేది?"

"వాడే పెడతాడు."

"నడిపి గ్వే కూడా అలాగే అనుకున్నాడండీ."

మూలుగు ఆగింది.

"ఆయన తర్వాత గద్దె ఎక్కింది కూడా అన్నకొడుకే. మొదట్లో గొర్రె పెట్టాడు. కొన్నాళ్ళకి గొర్రె మానేసి ఉత్త అన్నం పెట్టాడు. తర్వాత అదీ మానేశాడు. చివరికి పేరు తలవడం కూడా మానేశాడు. ఏం చేస్తాడులే అన్న ధీమా. రేపు నిండు సభలో మీరే అంటారు, అలాంటివాడు పంటినొప్పి కూడా పెట్టలేడని. షె అక్కడే నిలబడి వింటాడు."

మా ఆయన గిన్నె కింద పెట్టాడు. "వింటాడంటావా?"

"చెవులున్నాయి కదండీ. బాగానే పనిచేస్తాయి కూడా."

"అంటే నన్ను కూడా... అలా..."

"మిమ్మల్నెందుకు మర్చిపోతారు లెండి! ఎన్ని యుద్ధాలు చేశారు, ఎన్ని ఊళ్ళు గెలిచారు. పిల్లలు మీ మీద పాటలు పాడుకోరూ?"

ఆయన గిన్నె అవతలికి నెట్టేశాడు. పెళ్ళైనప్పట్నించీ మొదటిసారి నాకు ఆయన మీద జాలేసింది. తనేమిటో తనకి తెలియకపోలేదు పాపం, ఎవరూ అనకపోతే చాలనుకుంటూ బతికాడు.

మర్నాడు సభలో మా ఆయన గొంతు ఎన్నడూ లేనంత గట్టిగా మోగింది. "నిన్నటి పగులు మళ్ళీ చదివాను. నిస్సందేహంగా నడిపి గ్వే పనే! ఆయన మహా భయంకరుడు. తనని మర్చిపోయినవాణ్ణి వదిలిపెట్టడు. జనం మర్చిపోయిన రాజులంత ప్రమాదం ఇంకేదీ లేదు. అందరూ వినండి!" అందరూ అన్నాడు కానీ కళ్ళు మాత్రం షె మీదే ఉన్నాయి. షె మొహంలో కాస్త రంగు తగ్గింది. నేను అమ్మయ్య అనుకున్నాను.

ఆ అమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు.

"అంతటివాడికి గొర్రె ఏమిటి, అవమానం! ఎద్దుని తెండి. ఎద్దుతోపాటు మనిషిని కూడా!" అన్నాడు మా ఆయన ఊపులో.

ఆయన చెవిలో భయాన్ని ఊదింది నేనే, ఇప్పుడు ఆ భయం మోజ మెడ మీదికి వచ్చి కూర్చుంది. హువాన్ అప్పటికే దాన్ని తాడుతో ఈడ్చుకొస్తున్నాడు. గొడ్డలి పట్టుకునేవాడు చేతులు కడుక్కుంటున్నాడు. సభలో ఆడది నోరెత్తకూడదంటారు. ఎత్తాను.

"ప్రభూ! ఇన్ని తరాలుగా పస్తులున్న ఇంటికి ఇంకో మనిషిని పంపుతారా?"

"అంటే?"

"అక్కడ ఆయనకే మెతుకు లేదు. ఇది వెళ్తే దీనికి ఎవరు పెట్టాలి? ఆకలితో మాడుతున్నవాడి ఇంటికి చుట్టాన్ని తోలి, ఇదిగో నీకు మర్యాద చేశాను అంటే ఆయనకి ఒళ్ళు మండదూ? ఇప్పుడు ఒక పన్నే పట్టుకున్నాడు. రేపు దవడంతా పట్టుకుంటాడు."

మా ఆయన చెయ్యి దానంతటదే దవడ మీదికి పోయింది. "మరేం కావాలంటావ్ ఆయనకి?"

"వంటమనిషి. ఇక్కడ, ఈ లోకంలో, బతికుండి పూటపూటా పొయ్యి రాజేసి ఆయన పేరు మీద వండిపెట్టే మనిషి. కావాలంటే డిప్పనే అడగండి."

తావో వైపు చూశాను. పాపం ముసలాయన నిన్నటి డిప్ప తీశాడు. మిగిలిన గుంట మీద కట్టె ఆనించి, "నడిపి గ్వేకి వంటమనిషి కావాలి" అన్నాడు. ఠప్! మా ఆయన వంగి పగులు చూశాడు. నేను ఆయన పెదాలే చూస్తున్నాను.

"శుభం" అన్నాడు.

మోజ మెడలో తాడు నేనే విప్పాను. ముడి గట్టిగా పడింది, గోళ్ళు విరిగాయి. అది నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ గ్వే రోజున విందులో మా ఆయన గొర్రె పక్కటెముక కొరుకుతుంటే పన్ను ఎముకలో దిగబడి ఊడొచ్చింది. నడిపి గ్వే క్షమించాడని ఊరంతా కొర్రకల్లు తాగారు. మా ఆయన ఆ పన్నుని పట్టుగుడ్డలో చుట్టి, వచ్చినవాళ్ళందరికీ విప్పి చూపించాడు. బావగారు శత్రువుల తలలు చూపించేవారు. ఎవరి సంపాదన వాళ్ళది.

నది ఒడ్డున నడిపి గ్వే గుడిగా చిన్న మట్టిగది కట్టించి మోజని అక్కడ పెట్టారు. కోటలోంచి కొర్రలు, మాంసం వచ్చేవి. మా ఆయన తరచూ అక్కడికి వెళ్ళి నిలబడేవాడు, పక్కన షెని కూడా నిలబెట్టుకుని. "చూశావురా, మర్చిపోతే ఎంత పని చేశాడో!" అనేవాడు. షె బుద్ధిగా తలాడించేవాడు.

కొన్నాళ్ళకి మా ఆయన ఏనుగుల వేటకని బయల్దేరి, ఏనుగు కనబడకముందే రథం మీంచి పడి చనిపోయాడు. షె గద్దె ఎక్కాడు. బాబాయికి వారంలో అన్నిటికన్నా చివరి రోజు గ్వే ఇచ్చాడు. మొదట్లో గొర్రె పెట్టించాడు. తర్వాత అన్నం. తర్వాత పని ఒత్తిడి అన్నాడు. నది ఒడ్డు గదికి మాత్రం కొర్రలు ఒక్క పూట కూడా ఆపలేదు. నడిపి గ్వే అంటే వాడికి హడల్. బాబాయి అంటే లెక్కలేదు, బాబాయి పోయాక ఎవరికీ పంటినొప్పి పెట్టలేదు మరి. అక్కడికి వెళ్ళినా మా ఆయనకి ఒక్క పనీ చేతకాలేదు.

నవ్వుతూనే చెబుతున్నాను కానీ, ఒకనాడు అన్నం కలుపుకుంటుంటే ఆయన గుర్తొచ్చి ముద్ద దిగలేదు. ఎంత తిట్టుకున్నా మొగుడు. తిండిపోతు. ఆకలికి ఒక్క పూట కూడా ఆగేవాడు కాదు. కొడుకు లేని రాణిని, నా చేతి ముద్ద ఆయనకి అందదు. రాజుల తిండి రాజుల గుడిపొయ్యి మీదే వండాలి. మిగిలింది మోజ పొయ్యి ఒక్కటే.

నడుచుకుంటూ వెళ్ళాను. మోజ అప్పుడే అన్నం వార్చి గిన్నెలు వరసగా పెడుతోంది. ఒకటి కాదు, గోడ పొడుగునా పెట్టింది.

"నడిపి గ్వేకి ఇన్ని గిన్నెలెందుకే?" అన్నాను.

"ఆయనెవరో నాకు తెలీదు కదమ్మా" అంది.

"మరివి?"

గరిటె పట్టుకుని వడ్డిస్తూ చెప్పింది. "ఇది మా అన్న కెరుది. రాజుగారి చెవిపోటుకి పోయాడు. ఇది వాడి కొడుకు నాహోది, తండ్రితోపాటే. ఇది లొమిది, పీడకలకి. ఇది వాళ్ళమ్మది, అదే కలకి. ఇది ముసలి జిమది, గొర్రెలు తప్పిపోతే పాట పాడి పిలిచేవాడు. ఏనుగు దొరకలేదని అతన్ని..."

చెబుతూనే ఉంది. ఆ దొడ్డి ముందునుంచి నేను ఎన్నోసార్లు నడిచాను. కొందరని, మిగిలినవాళ్ళని హువాన్ లెక్క చెబుతుంటే విన్నాను. వాళ్ళకి పేర్లుంటాయని నాకు తోచనే లేదు. సిగ్గుతో ఒళ్ళంతా మంటెత్తింది.

"దేనికొచ్చారమ్మా?" అంది మోజ.

"మా ఆయనకి... ఒక్క గిన్నె" అన్నాను.

మోజ నా మొహంలోకి చూసింది. కోపం లేదు దాని కళ్ళల్లో. "పెడతానమ్మా. ముందు వీళ్ళందరికీ అవనీయండి. మిగిలితే తప్పకుండా పెడతాను" అంది.

గుమ్మంలో కూర్చున్నాను. ఒక్కొక్క పేరే పిలిచి, ఒక్కొక్క గిన్నే నింపుతూ పోయింది. తొందరపడలేదు, ఎవరికీ తక్కువ చేయలేదు. చివరి పేరు పిలిచేసరికి కుండ అడుగు గరిటెకి తగిలింది.

ఆ రోజు మా ఆయనకి మిగల్లేదు.